పలక మీద నాలుగు వందలు

ఆటోనగర్ పాతసామాన్ల మీరావలి అమ్మిన గాలిమర.
తోక దగ్గర రేకు పలక, దాని మీద
నాలుగు వందల వాట్లని అచ్చు.
చిట్టినగర్ కొండ మీద, నూట తొంభై మెట్ల పైన,
డాబాకి బిగించకముందే సువార్తమ్మ అడిగింది:
"ఎన్ని లైట్లు వెలుగుతాయే?"

మోటార్లకి రాగితీగ చుట్టేదాన్ని.
నోటికొచ్చింది చెప్పను, కొలిచి చెబుతాను.

నాలుగు పాల గరిటెలు, ఒక సైకిల్ బేరింగు,
గాలి తగిలితే గిర్రున తిరగాలి.
ఎన్ని చుట్లకి ఎంత గాలో దానికి నేర్పాలిగా.
ఆకు కదలని తెల్లారుజామున, ఏలూరు కాలువ గట్టు మీద
మా తమ్ముడు మోజెస్ బండి ముల్లుని పద్దెనిమిది దగ్గర నిలబెట్టాడు.
అంటే సెకనుకి అయిదు మీటర్లు.
వెనక కూచుని గరిటెలు పైకెత్తి చుట్లు లెక్కపెట్టాను.
పాలపాకెట్ల కుర్రాడు సైకిల్ దిగి మరీ చూశాడు,
ఏ మొక్కో అనుకుని దణ్ణం కూడా పెట్టాడు.

ఇరవై ఒక్క రోజులు డాబా మీదే పడక.
బెజవాడ గాలి సంగతి కొత్తగా చెప్పాలా?
పగలంతా బండరాయి ఊపిరి, రెండు మీటర్లు.
దానికి ఆరేసిన చీర చెంగు ఊగుతుంది, రెక్క ఊగదు.
సాయంత్రం అయిదింటికి ఏటి వైపు నుంచి నాలుగు.
ఎనిమిదింటికి ఎవరో తలుపేసినట్టు ఆగిపోతుంది.

రెండుకీ నాలుగుకీ తేడా రెండే అనుకుంటాం.
గాలి పద్దు అలా నడవదు.
వేగాన్ని వేగంతో, మళ్ళీ వేగంతో హెచ్చవెయ్యాలి.
గాలి రెట్టింపైతే బలం ఎనిమిదింతలు,
సగమైతే రూపాయికి రెండణాలు.
అందుకే సగటుని నమ్మను.
మూడు రోజుల మందగాలి కూడబెట్టినదాన్ని
ఒక్క గంట ఈదురుగాలి విసిరేసి పోతుంది.

రెక్క పొడుగు అరవై సెంటీమీటర్లు.
తిరుగుతూ గీసే సున్నా చదరపు మీటరు కన్నా కాస్త పెద్దది.
నాలుగు మీటర్ల గాలి అందులోంచి దూరిపోతూ
నలభై వాట్లు మోసుకెళుతుంది.
"అయితే నలభై మనవేగా?"
కాదు పిన్నీ. అంతా లాక్కుంటే గాలి అక్కడే నిలబడిపోతుంది.
మన మెట్ల మీద బిందెతో ఒకరాగితే
వెనకవాళ్ళంతా ఆగిపోరూ?
పోయేదానికి పోయేంత ఓపిక మిగల్చాలి.
ఈ రెక్కల పనితనం, నా చుట్టు పనితనం చూస్తే
పావు వంతు మనది.
పది.

ఆమె పలక వంక చూసింది.
పలకది అబద్ధం కాదు.
పన్నెండు మీటర్ల గాలిలో నాలుగు వందలు నిజమే.
ఆ గాలొస్తే కొండ మీద ఎవరం లైటేసుకోం,
ఇంటిల్లిపాదీ పైకప్పు రేకులు పట్టుకుని కూచుంటాం.

పది వాట్లు, మూడు గంటలు: ముప్పై.
బ్యాటరీ తన తరుగు తీసుకోగా పాతిక.
అయిదు వాట్ల బల్బు అయిదు గంటలు.
కాగితం మీద సుమారు అని రాశాను,
సిగ్గేసి కొట్టెయ్యబోయాను.

పళ్ళ మధ్య హుక్కులు తియ్యకుండానే అంది:
"ఉంచు. జాకెట్టు కొలత తీశాక
లోపల అంగుళం గుడ్డ మడిచి వదలనూ?
మనిషి ఒళ్ళు చేస్తుంది, చిక్కుతుంది.
గాలి మాత్రం ఒక్కతీరునే ఉంటుందా."

నేనూ ఒక అంగుళం మడిచాను.
పాతిక కొట్టేసి ఇరవై.

నిన్న అయిదు దాటింది, రెక్క కదల్లేదు.
ఆరు.
ఆరున్నరకి గాలిమర కిర్రుమని ఏటి వైపు మొహం తిప్పింది.
సువార్తమ్మ తలెత్తలేదు.
ఆమె ఒళ్ళో కాజాలు కుట్టాల్సిన జాకెట్లు పదకొండు.
నా లెక్కన ఆ వెలుగు
తొమ్మిదింటికే.